మొగం గంటు పెట్టుకోవడం – ఈ ‘గంటు’ అంటే ఏమి?

ఉరవకొండ ఆడబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది ఉరవకొండ పక్కన చిన్న పల్లె. పెళ్లయినప్పటి నుంచి అనంతపురంలో ఉంటాండాం. ఒక మాట గురించి అడగాలని వచ్చినా. తెలిసినవాళ్లు కొంచెం ఓపిక చేసుకోని చెప్పండి.

మా పాప ఏడో తరగతి. తెలుగు నోట్సులో ఉగాది గురించి ఒక పేజీ రాసింది. అందులో ఈ వాక్యం ఉంది: ‘తమ్మునికి రెండు ఓళిగలు వేసి నాకు ఒకటే వేసినారని నేను మొగం గంటు పెట్టుకొని కూర్చున్నాను.’ నోట్సు తిరిగొచ్చినప్పుడు ‘మొగం గంటు పెట్టుకొని’ మీద ఎర్రసిరా గీత. పైన ‘ముఖం చిట్లించి’ అని దిద్దినారు. పక్కన అంచులో ‘మోటు మాటలు రాయకూడదు’ అని ఉంది. పాప నా దగ్గరికొచ్చి, ‘‘మా, గంటు అంటే బూతుమాటా?’’ అని అడిగింది.

అది వినేసరికి కడుపులో దేవినట్లయింది. ఆ మాట పాపకు నా నోట్లోంచే వచ్చింది. నాకు మా అవ్వ నోట్లోంచి వచ్చింది. అవ్వ పోయి నాలుగేండ్లయింది. ఆమె ఆ మాట అన్నన్నాళ్లూ ఊర్లో ఎవరూ తప్పు పట్టలేదు. ‘‘బూతు కాదు పాపా’’ అని చెప్పినా. మరి అర్థమేమి అంటే మాత్రం నోరు పెగల్లేదు. పుట్టినప్పటి నుంచి ఆడే మాట, విడదీసి చెప్పమంటే చేతికి రాలేదు.

ముందు ఒకటి చెప్పాల. చిట్లించడం, గంటు పెట్టుకోవడం ఒకటి కాదు. ఎండలో నిలబడి దూరంగా వచ్చే బస్సు బోర్డు చదివేటప్పుడు మొగం చిట్లిస్తాం. కాకరకాయ చేదు నాలిక్కి తగిలితే చిట్లిస్తాం. అది ఒక్క క్షణం, అంతే పోతుంది. గంటు పెట్టుకున్న మనిషి దగ్గర ఆ గంటు కూర్చుండిపోతుంది. రెండు కనుబొమలు దగ్గరికొస్తాయి, ముక్కు మొదట్లో చర్మం చిన్న ఉబ్బుగా లేస్తుంది, చూపు నేలమీదనే ఉంటుంది. పిలిస్తే పలకరు. కోపం ఉంటాది గానీ అరుపుండదు. అన్నం వద్దంటారు, పళ్లెం ముందర నుంచి మాత్రం లేచిపోరు. ఎవరో ఒకరు వచ్చి అడగల్ల, అడిగేదాకా అట్లనే ఉంటారు. అడగాలనే పెట్టుకునేది గంటు. దాన్ని ‘చిట్లించి’ అని దిద్దితే మా పాప ఆ పొద్దు పడిన బాధంతా పోయి, ఓళిగ పులిసిందని మొగం పెట్టినట్లు ఉంది.

మూతి తిప్పడం వేరు, అది ఎదుటి మనిషి లెక్కలేదని చూపడం. మొగం మాడ్చుకోవడం వేరు, అందులో అవమానం ఉంటాది. బుంగమూతి చిన్నపిల్లలది, చూస్తే ముద్దొస్తాది. గంటు ఏ వయసు వాళ్లయినా పెట్టుకుంటారు. మా అబ్బ (తాత) అరవై ఏండ్లప్పుడు శెనక్కాయల ధర విషయంలో మా నాయన మీద మూడు దినాలు గంటు పెట్టుకోని అరుగు మీదనే పడుకున్యాడు.

నేను అడిగేది ఒకటే. ఈ గంటు ఏ గంటు? కత్తిగంటు అంటాం కదా, ఆ గంటేనా? మొగానికీ దానికీ ఏమి సంబంధం? మన పక్కనే అంటారా, వేరే చోట్ల కూడా ఉందా?

బేతంచెర్ల రాతిపని:

అక్కా, నీ బాధ అర్థమైంది. ఎర్రగీత చూసి నాక్కూడా మనసు చివుక్కుమంది. నాకు తెలిసింది చెప్తా.

గంటు అంటే గాటే అక్కా. మా నాయన రోళ్లకు, తిరగలిరాళ్లకు గంట్లు కొట్టే పని చేసేవాడు. సైకిల్ మీద ఊరూరూ తిరిగేవాడు. ఎండాకాలం సెలవల్లో నేనూ వెనక కూర్చోని పోయేవాణ్ణి. వాడీ వాడీ రోలు లోపల నున్నగా అయిపోతే ఊరుబిండి నూరినా మెదగదు, రాయి మీద జారుతాది. అప్పుడు ఉలి ఆనించి సుత్తితో టక్ టక్‌మని చిన్న చిన్న గంట్లు వేసుకుంటా పోతారు. అడుగున మొదలుపెట్టి చుట్టూ తిరుక్కుంటా పైకి రావాల. ఒక గంటుకూ ఇంకో గంటుకూ నడుమ గింజ పట్టేంత ఎడం ఉండాల. బాగా దగ్గరైతే రాయి పెళుసెక్కి పొడి రాలుతాది, కూరలో ఇసక తగులుతాది. పని అయినాక నూకలు వేసి నూరి ఆ పొడి పారబోయమని ఇంటామెకు చెప్పి వచ్చేవాడు. మా నాయన కనురెప్పలకు కూడా తెల్లటి రాతిదుమ్ము ఉండేది.

ఇంక మొగం సంగతి. కోపమొస్తే నుదురు మీద నిలువుగా రెండు గీతలు పడతాయి కదా, ఉలితో కొట్టినట్లు. అవే గంట్లు. ‘మొగం గంటు పెట్టుకున్యాడు’ అంటే మొగం మీద గాట్లు పడేటట్లు చేసుకున్యాడు అని. నాకు తెలిసి ఇంతే. మా కర్నూలు పక్క కూడా ఈ మాట బాగా ఉంది, ఇది మీ ఒక్క ఊరిది కాదు.

ఉరవకొండ ఆడబిడ్డ:

తమ్ముడూ, చానా సంతోషం. మీ నాయన పని గురించి చదువుతాంటే మా ఇంటి రోలు కండ్ల ముందరికి వచ్చింది. నువ్వు చెప్పింది సరిగ్గానే ఉందనిపిస్తాంది. ఒక్కటే అనుమానం. గాటు అంటే లోపలికి పోయేది. గంటు పెట్టుకున్న మొగంలో ముందు కనపడేది ఆ నడుమ లేచిన ఉబ్బు. గీతలు దాని పక్కన పడతాయి. పాపను అద్దం ముందర నిలబెట్టి చూసినా. ఇంకెవరైనా చెప్తారేమో చూస్తా.

మడకశిర పెద్దాయన:

అమ్మా, నీ అనుమానం సరైనదే. అది గాటు కాదు, ముడి.

మా మడకశిరను పటంలో చూడు, మూడు దిక్కులా కర్ణాటకే. మా ఇంటామెది పావగడ. అది కర్ణాటకలో ఉన్నా దాదాపు చుట్టూ మన ఆంధ్రనే. మా ఇంట్లో ఒక వాక్యం తెలుగులో మొదలుపెడితే కన్నడంలో ముగుస్తుంది. ఇప్పుడు మా జిల్లా పేరు శ్రీ సత్యసాయి అయింది గానీ మాటలు మారలేదు.

కన్నడంలో ముడిని గంటు అంటారు. దారానికి వేసే ముడి గంటు. తాళికి వేసే మూడుముళ్లు వాళ్లకు ‘మూరు గంటు’. బట్టలో పెట్టి ముడేసిన మూట కూడా గంటే, ‘గంటు మూటె కట్టు’ అంటే మూటాముల్లె సర్దుకోమని. ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం డబ్బును ‘ఇడుగంటు’ అంటారు, విప్పకుండా ఉన్న మూట అని. ఇంక నువ్వడిగిన మాట అచ్చంగా అట్లనే అక్కడుంది. అలిగి కూర్చున్న పిల్లను చూసి మా ఇంటామె, ‘‘ముఖ గంటు హాక్కొండు యాకె కూతిద్దీయ?’’ అంటుంది. మొగం గంటు వేసుకోని ఎందుకు కూర్చున్నావని. కనుబొమలు ముడేయడాన్ని ‘హుబ్బు గంటిక్కు’ అంటారు. హుబ్బు అంటే కనుబొమ.

మనం ‘పెట్టుకోవడం’ అంటాం, వాళ్లు ‘హాక్కోవడం’ అంటారు. అంతే తేడా. మీ ఉరవకొండ నుంచి బళ్లారి ఎంత దూరం? సంతలకు, పెండ్లిండ్లకు, కూలిపనికి ఇట్లా అట్లా పోయి వచ్చే జనం. ఈ మాట ఎటు నుంచి ఎటు పోయిందో గీత గీసి చెప్పడం నాకు చేతకాదు గానీ, రెండు పక్కలా ఒకే మొగానికి ఒకే మాట ఉందని మాత్రం ఇంట్లో రోజూ వింటాండా.

ధర్మవరం మగ్గం:

పెద్దాయన చెప్పింది చదివి మగ్గం దిగి వచ్చి రాస్తాండా.

మాది పట్టుచీరల పని. పడుగులో వేలల్లో పోగులుంటాయి. పోగు తెగితే రెండు కొసలూ పట్టుకోని, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ మెలిపెట్టి ముడేస్తాం. ఆ ముడి కంటికి కనపడదు, వేలికి తెలుస్తుంది. చీర మీద చెయ్యి పెట్టి నిమిరితే ఆవగింజలో సగమంత గరుకు తగులుతుంది. ముడి లావైతే పోగులు దూరే అచ్చులో తట్టుకోని పక్క పోగును కూడా తెంచుతుంది. అందుకే కొత్తగా పని నేర్చుకునే పిల్లోళ్లకు ముందు ముడి నేర్పిస్తారు, తర్వాతే మిగతావి.

మా పక్క మగ్గం మీద కర్ణాటక మొలకాల్మూరు నుంచి వచ్చినాయన నేస్తాడు. పోగు తెగినప్పుడల్లా ఆయన ‘గంటు’ అంటాడు, నేను ‘ముడి’ అంటా. ఇరవై ఏండ్లుగా పక్కపక్కనే పని చేస్తాండాం. నా భార్య అలిగితే ‘గంటు పెట్టుకుంది’ అని అదే నోటితో ఆయనకు చెప్పినా ఎన్నోసార్లు. ఈ రెండూ ఒకటే మాటని ఈ పొద్దు దాకా తట్టలేదు!

మా ఇంట్లో దారానికి గంటు అనే మాట లేదు, దారానికి ముడే. మొగానికి మాత్రం గంటు. దారం మీది నుంచి పోయి మొగం మీద మిగిలింది ఆ మాట.

ఇంకొకటి అక్కా. మా పనిలో చిక్కు వేరు, ముడి వేరు. చిక్కు దానంతట అదే పడుతుంది. ముడి మనం వేస్తేనే పడుతుంది. నువ్వు రాసినావు కదా, ఎవరైనా వచ్చి అడగాలనే గంటు పెట్టుకుంటారని. ఆ మాట చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

కడప తెలుగు పంతులు:

ముందుగా ఆ పాపకు నా ఆశీస్సులు. ఆ వాక్యంలో తప్పు లేదు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు తెలుగు చెప్పినవాణ్ణి. ‘కూచ్చున్యా’, ‘యాడికి’, ‘ఏంటికి’ అని పిల్లలు రాసినచోటల్లా నేనూ ఎర్రసిరా గీసినాను. పరీక్షలో మార్కులు పోతాయని భయంతో గీసినాను. ఆ పిల్లలకు ‘ఇది మీ ఇంటి మాట, మంచి మాట, పరీక్షలో మాత్రం ఇట్లా రాయి’ అని పక్కన ఒక్క ముక్క చెప్పివుంటే బాగుండేది. చెప్పలేదు. ఆ సంగతి ఇప్పుడు నన్ను బాధిస్తుంది.

ఇక గంటు విషయం. మడకశిర వారు చెప్పినదానికి మన తెలుగులోనే గట్టి సాక్ష్యం ఉంది. కోపంతో కనుబొమలు దగ్గరికి రావడాన్ని మన పాత తెలుగులో ‘బొమముడి’ అంటారు. బొమ అంటే కనుబొమ, ముడి అంటే ముడే. కన్నడంలో హుబ్బు–గంటు, తెలుగులో బొమ–ముడి. రెండు భాషలూ ఆ ముఖంలో ముడినే చూసినాయి. సంస్కృతం వంపును చూసింది, భ్రుకుటి అన్నది. నాట్యశాస్త్రంలో కనుబొమల కదలికలు ఏడు చెప్పినారు: ఉత్క్షేపం, పాతనం, భ్రుకుటి, చతురం, కుంచితం, రేచితం, సహజం. కోపానికి చెప్పినది భ్రుకుటి. ఇంగ్లీషువాళ్లు కూడా కనుబొమలను ‘నిట్’ చేస్తామంటారు. ఆ నిట్, ముడి అనే అర్థమిచ్చే నాట్, రెండూ ఒక తల్లి బిడ్డలే.

ఇప్పుడు మూలం. సంస్కృతంలో గ్రంథి అంటే ముడి. ప్రాకృతంలో అది గంఠి అయింది. హిందీలో గాంఠ్ అయింది. కన్నడంలో గంటు. మొగం మీది మన గంటు కూడా ఈ వరసలోదే అని నేను నమ్ముతున్నాను. గ్రంథం అనే మాట కూడా ఈ ఇంటిదే. తాటాకులకు బెజ్జం వేసి, తాడు దూర్చి, చుట్టి కట్టేవారు కాబట్టి గ్రంథం, అంటే కూర్చి కట్టినది. తాటాకుల కట్ట చేత్తో పట్టుకున్నవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. ముందు ఆ తాడు విప్పితే గాని అక్షరం కనబడదు. పాప పాఠ్యగ్రంథమూ, పాప మొగం మీది గంటూ చుట్టాలే. ఆ సంగతి పాపకు చెప్పండమ్మా, సంతోషిస్తుంది.

వ్యాకరణం కూడా ఇటే మొగ్గుతుంది. ‘గంటు పెట్టినాడు’ అంటే ఎవరో ఒకరు ఇంకొకదానికి గాటు పెట్టినట్టు. ‘గంటు పెట్టుకున్నాడు’ అన్నప్పుడు చివర ‘కొను’ వచ్చింది, తనకు తానే చేసుకున్న పని. ముడుచుకొను, ముసుగు పెట్టుకొను, అలిగి పండుకొను, అన్నీ ఇదే తీరు. నేతపని చేసే తమ్ముడు వేలితో తెలుసుకొని చెప్పిన మాటనే నేను వ్యాకరణంతో చెప్పినాను.

మోటు మాట అన్నారు కదా, దానికీ ఒక మాట. బ్రౌన్ దొర 1820లో మా కడపకు వచ్చినప్పుడు తెలుగు నేర్వడం మొదలుపెట్టినాడు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు పేరులోనే, వ్యవహారంలో జనం వాడే తెలుగునూ కావ్యాల తెలుగునూ రెండింటినీ వివరించేది అని ఉంది. అంగట్లో, కచేరీలో వినపడిన మాటకు ఆయన పుస్తకంలో పీట వేసినాడు. మన బిడ్డ నోట్సులో దానికి చోటు లేకపోవడం ఏమిటి?

కడప నుంచి ఒక అక్క:

పంతులుగారూ, గాంఠ్ అన్నారు కాబట్టి చెప్తాండా. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. పుట్టినరోజును సాల్‌గిరహ్ అంటాం. సాల్ అంటే సంవత్సరం, గిరహ్ అంటే ముడి. వెనకటికి ఏడాదికొక ముడి చొప్పున దారానికి వేసుకుంటా పోయేవాళ్లంట. మా నానీ చెప్పేది. హిందీవాళ్లు వర్ష్‌గాంఠ్ అంటారు, అదీ ఏటి ముడే.

అలిగినదాన్ని మాత్రం మేము ముడి అనం. ‘మూ ఫులా కో బైఠీ’ అంటాం, మూతి ఉబ్బించుకోని కూర్చుందని. అది మీ బుంగమూతికి దగ్గర.

సైన్సు టీచరమ్మ, గుత్తి:

ఆ ఉబ్బు గురించి అడిగినారు కదా, అది కండరం. కనుబొమ లోపలి కొస దగ్గర చర్మం కింద అటొకటి ఇటొకటి చిన్న కండరాలున్నాయి, కారుగేటర్ సూపర్‌సిలీ అంటారు. ముడత పెట్టేది అని ఆ లాటిన్ పేరుకు అర్థం. అవి బిగిస్తే కనుబొమలు నడిమికి, కిందికి వస్తాయి. నడుమ చర్మానికి పోయే దోవ లేక పైకి లేస్తుంది, దాని పక్కన నిలువు గీతలు పడతాయి. కాబట్టి మీరు అద్దంలో చూసింది నిజమే, ఉబ్బు, గీత రెండూ ఒకే పని వల్ల వచ్చేవి.

డార్విన్ 1872లో ముఖంలోని భావాల మీద ఒక పుస్తకమే రాసినాడు. మనిషి ఊరికే ఆలోచిస్తా ఉంటే కనుబొమలు ముడిపడవట. ఆ ఆలోచనకు ఏదైనా అడ్డం తగిలినప్పుడే ముడిపడతాయని రాసినాడు. మా తరగతిలో లెక్క రానప్పుడు పిల్లల మొగాలు చూస్తే తెలుస్తుంది. సరిగ్గా రెండో మెట్టు దగ్గర నలభై గంట్లు!

బేతంచెర్ల రాతిపని:

అందరూ చెప్పింది మొత్తం చదివినా. మొగం గంటు ముడే అని నాకూ నమ్మకమొచ్చింది. అయితే ఒక్క మాట ఇక్కడ పెట్టిపోతా. మా నాయన కొట్టిన గంటు కూడా గంటే, అది పోకూడదు. నాకైతే గంటు, గండి దగ్గరి మాటలనిపిస్తాయి. చెరువుకు గండి పడటం, కొండను పెన్న కోసుకోని పోయినచోట గండికోట. రాతిని చీల్చేది ఒక గంటు, దారాన్ని కలిపేది ఒక గంటు. వినడానికి ఒకటే, పుట్టుక వేరు. అక్కా, పాపకు రెండూ చెప్పు.

ఉరవకొండ ఆడబిడ్డ:

మీ అందరికీ చేతులెత్తి మొక్కుతాండా. ఇంత మంది ఇంత రాస్తారని అనుకోలేదు.

ముడి అని పెద్దాయన రాసింది చదివిన కాసేపటికి ఒకటి గుర్తొచ్చింది. నేను అలిగి కూర్చుంటే మా అవ్వ వచ్చి ఎదురుగా గొంతుకూర్చునేది. బొటనవేలు నా రెండు కనుబొమల నడుమ పెట్టి రుద్దేది, పైకి, మెల్లగా. శెనక్కాయలు వొలిచీ వొలిచీ ఆ వేలి గోరు పక్కన చర్మం గరుకుగా ఉండేది, ఇప్పటికీ నుదుటి మీద ఆ గరుకు తెలుస్తాంది. రుద్దుకుంటా ‘‘ఇప్పు మే, ఇప్పు’’ అనేది. ఏమి ఇప్పాలనో నేనెప్పుడూ అడగలేదు. గాటునైతే ఇప్పమని ఎవరంటారు? ముడినే కదా ఇప్పేది. జవాబు నా దగ్గరే పెట్టుకోని మిమ్మల్నందరినీ అడిగినా.

రాత్రి మా అమ్మకు ఫోన్ చేసినా. విత్తనానికి కాయలు వొలుస్తాందంట, ఫోన్ పక్కన పెట్టుకోని మాట్లాడింది, గింజలు చాటలో పడే చప్పుడు వినపడతానే ఉంది. ‘‘మా, అవ్వ గంటు అంటాండె కదా, ఇంక దేనికైనా అంటాండెనా?’’ అని అడిగినా.

‘‘ఏమే, మర్సిపోయినావా? కొంగున లెక్క గంటు వేసుకొంటాండె కదే’’ అనింది అమ్మ.

(మా పక్క డబ్బును లెక్క అంటారు, వేరే జిల్లావాళ్లు ఉంటే తెలియాలని రాస్తాండా.)

అవ్వ కొంగు కొసన ఎప్పుడూ ఒక ముడి ఉండేది. దాంట్లో చిల్లర, మడతపెట్టిన ఒక నోటు, వక్క ముక్క. ఆ ముడి అంత బిగువుగా ఉండేది, పండ్లతో పట్టి లాగితే గానీ వచ్చేది కాదు. అది కొంగు గంటు. ఇంట్లో ఆ మాట అవ్వ ఒక్కతే అనేది, అమ్మ కూడా ‘కొంగు ముడి’ అనేది. ధర్మవరం తమ్ముడు రాసినట్లే, మిగతా చోట్ల పోయి మా నోళ్లలో మొగం మీద ఒక్కటీ నిలిచింది.

అంతటితో అయిపోలేదు. అమ్మ ఇంకొకటి చెప్పింది, అది నాకు జ్ఞాపకమే లేదు. నేను మరీ మొండికేసి, రుద్దినా మొగం సడలించకపోతే, అవ్వ కొంగు కొస నా ముందర పట్టుకోని బేరం పెట్టేదంట: ‘‘నీ గంటు నువ్వు ఇప్పితే నా గంటు నేను ఇప్పుతా.’’

నేను నవ్వేదాన్నంట. అవ్వ పండ్లతో ముడి లాగి నాలుగణాల బిళ్ల తీసి చేతిలో పెట్టేదంట.

ఫోన్ పెట్టేసి పాపను లేపి చెప్పినా, పదకొండు గంటలప్పుడు. పాప నోట్సు తీసి, ఎర్రగీత కింద ఖాళీగా ఉన్నచోట పెన్సిలుతో రాసుకుంది: ‘గంటు = ముడి. మా జేజవ్వ మాట.’ నేను చెప్పి రాయించింది కాదు. రేపు ఆ పేజీ, మీరు రాసినవీ తీసుకోని బడికి పోతాండా. కొట్లాటకు కాదు. పంతులుగారు చెప్పినట్లు, పరీక్షలో ఎట్ల రాయాలో వాళ్లు చెప్పనీ, ఈ మాట మాత్రం కొట్టేయొద్దని అడిగి వస్తా.

ధర్మవరం మగ్గం:

పోయి రా అక్కా. ఆ నాలుగణాలతో ఏం కొనుక్కుంటాంటివి?

ఉరవకొండ ఆడబిడ్డ:

బొరుగుల ఉండలు. రెండు వస్తాండె. ఒకటి అవ్వకు ఇచ్చేదాన్ని, నోట్లో పండ్లు ఊడిపోయినాక నీళ్లలో నానబెట్టుకోని తినేది.